వంతులవారీ వ్యూహక్రీడలు: కొత్త భాగాల చరిత్ర

ఆటగాళ్లు ఒకరి తర్వాత ఒకరు ఎత్తు వేస్తూ, ఎదుటివారి ఎత్తును తీరిగ్గా తూచుకుంటూ ఆడేవి వంతులవారీ వ్యూహక్రీడలు. పులిజూదం, దాడి, చదరంగం ఈ కోవలోవే. కంప్యూటర్ మీద ఆడే ‘సివిలైజేషన్’, ‘ఎక్స్‌కామ్’ కూడా ఇలాంటివే. ఇలాంటి ఆటకు కొత్త భాగం వస్తోందంటే మరిన్ని రాజ్యాలు, మరిన్ని ఆయుధాలు, మెరుగైన బొమ్మలు కావాలని ఆటగాళ్లు కోరుకుంటారని సాధారణంగా అనుకుంటారు. ఈ ఆటల చరిత్రను వరుసగా చూస్తే అంతకంటే లోతైన కోరిక ఒకటి కనబడుతుంది. నియమాలు ఎంత మారినా ఆటగాళ్లు కాలక్రమాన ఒప్పుకుంటారు. అయితే మారిన నియమాన్ని అవతలి పక్షం కూడా తమంత బాగా వాడగలగాలి. వారు మొదట అడిగేది గట్టి ప్రత్యర్థిని.

పులిజూదం

నెల్లూరు తీరంలో పులి-మేక, పులిజూదం అనే ఆట పులికాట్ సరస్సు అవతల తమిళ పల్లెల్లో ఆడుపులి ఆట్టం అవుతుంది. త్రిభుజంలా గీసిన గీతల మీద 23 కూడళ్లు, మూడు పులులు, పదిహేను మేకలు ఉంటాయి. మేకలను ఒక్కొక్కటిగా దింపుతారు. అన్నీ దిగాకే అవి కదలాలి. పులి పక్కనున్న మేక మీదుగా ఖాళీ చోటికి దూకితే ఆ మేక చచ్చినట్టు. పులులకు కదిలే దారి లేకుండా కట్టేస్తే మేకలది గెలుపు. ఇరుపక్షాల బలాలూ లక్ష్యాలూ వేరు కాబట్టి, ఒక ఆటలో పులులు పట్టినవారు తర్వాతి ఆటలో మేకలు పడితేనే ఎవరి నేర్పు ఎంతో తేలుతుంది. ఈ కుటుంబంలోని రకాలు పోల్చదగినవి. నాలుగు పులులతో ఆడే చోట మేకల లెక్కా మారుతుంది. 25 కూడళ్ల నేపాలీ బాగ్‌చాల్‌లో నాలుగు పులులకు ఇరవై మేకలు. ఒక పక్షానికి బలం పెంచినవారు రెండో పక్షానికీ పెంచారు. ఏ పక్షం పట్టినా గెలిచే ఆశ ఉండాలన్నదే ఆ మార్పుల వెనుక లెక్క.

చదరంగం

పాత చదరంగంలో మంత్రి మూలగా ఒక్క గడే కదిలేది. శకటం రెండో గడికి దూకేది. 15వ శతాబ్దం చివర ఐరోపాలో ఈ రెంటికీ దూరదూరాలకు వెళ్లే శక్తి వచ్చింది. నిదానంగా సాగే ఆట కొద్ది ఎత్తుల్లోనే ప్రమాదకరంగా మారింది. ఇంత పెద్ద మార్పు నిలిచిందంటే, ఆ శక్తి ఇద్దరికీ సమానంగా దక్కడం, ఎదురుగా కూర్చున్న మనిషి దాన్ని వెంటనే వాడగలగడం ముఖ్య కారణాలు. మన దేశవాళీ చదరంగంలో బంటు మొదటి ఎత్తులో రెండు గళ్లు నడిచేది కాదు, రాజుకు ఒక్కసారి గుర్రంలా దూకే వీలుండేది. ఆ నియమాలతో పెరిగిన పంజాబ్ ఆటగాడు సుల్తాన్ ఖాన్ అంతర్జాతీయ పద్ధతి నేర్చుకుని 1929లో బ్రిటిష్ ఛాంపియన్ అయ్యాడు. దేశవాళీ పద్ధతి క్రమంగా వెనకబడింది. అది తక్కువ ఆట కాదు. ప్రపంచమంతటా ప్రత్యర్థులు దొరికే పద్ధతి వైపు ఆటగాళ్లు నడిచారు. 2001లో గ్రాండ్‌మాస్టర్ అయిన పెంటేల హరికృష్ణ, 2002లో అయిన కోనేరు హంపి ఆ విశాలమైన బరిలోనే ఎదిగారు.

కంప్యూటర్ ఆటలు

సిడ్ మైయర్ ‘సివిలైజేషన్’ 1991లో వచ్చింది. అందులో ఈటెల దళం ఒక్కోసారి యుద్ధనౌకనే ఓడించేది. 1996 నాటి రెండో భాగం దళాలకు దెబ్బ తట్టుకునే శక్తిని విడిగా లెక్కగట్టి ఆ లోపాన్ని చాలావరకు సరిదిద్దింది. 2010లో వచ్చిన ఐదో భాగం చదరపు గళ్లను ఆరు భుజాల గళ్లుగా మార్చి, ఒక గడిలో ఒకే పోరాట దళం ఉండాలంది. మనుషులకు ఇది చక్కని వ్యూహం నేర్పింది. కంప్యూటర్ మాత్రం తన సైన్యాన్ని ఇరుకు దారుల్లో నడపలేక తడబడింది. ఆ భాగం మీద ఎక్కువగా వినబడిన విమర్శల్లో ఇదొకటి. ‘ఎక్స్‌కామ్ 2’ (2016) అనేక పోరాటాలకు వంతుల గడువు పెట్టింది. మాటు వేసి, అడుగులో అడుగు వేస్తూ నడిచే అతిజాగ్రత్తను అది దెబ్బతీసింది. కొందరు దాన్ని మెచ్చారు, కొందరు గడువును తీసేసే మార్పులు సొంతంగా తయారుచేసుకున్నారు. మరుసటి ఏడాది విస్తరణ భాగం గడువు పెంచుకునే వీలిచ్చింది. కంప్యూటర్ పక్షం తెలివి పెంచకుండా గడియారం చేత ఒత్తిడి పెట్టించడమే ఆ గొడవకు మూలమని చెప్పవచ్చు.

ఆక్షేపణలు, సమాధానాలు

ఆటగాళ్లు అలవాటుకు బానిసలని, ఏ మార్పునైనా మొదట తిడతారని ఒక వాదన ఉంది. ‘సివిలైజేషన్’ ఐదో భాగం దానికి సమాధానం. తొలినాళ్లలో నిరసన ఎదుర్కొన్న ఆ ఆట 2012, 2013లలో వచ్చిన రెండు విస్తరణలతో బలపడి విశేష ఆదరణ పొందింది. ఆరు భుజాల గడి తర్వాతి భాగాల్లోనూ కొనసాగింది. పులిజూదానికి కొత్త భాగం అక్కర్లేనప్పుడు కంప్యూటర్ ఆటకు ఎందుకన్నది రెండో ప్రశ్న. పులిజూదంలో ఎదుట కూర్చునే మనిషి మారుతుంటాడు, నేర్చుకుంటుంటాడు. కంప్యూటర్ ప్రత్యర్థి చాలావరకు తనకు రాసిపెట్టిన పద్ధతినే పాటిస్తాడు. ఆ గుట్టు తెలిశాక ఎన్ని రాజ్యాలు చేర్చినా ఆట పాతబడుతుంది. మూడోది బలమైన ఆక్షేపణ: గెలుపోటములు పట్టించుకోకుండా తమ సామ్రాజ్యాన్ని తామే కట్టుకోవడానికి ఆడేవారు ఎందరో ఉన్నారు. 2025లో వచ్చిన ‘సివిలైజేషన్’ ఏడో భాగం యుగం మారగానే నాగరికతనూ మార్చుకోమన్నప్పుడు వారిలో చాలామంది నొచ్చుకున్నారు. తాము పెంచినది తమ చేతి నుంచి జారిపోయిందన్నది వారి బాధ, అది న్యాయమైనదే. అయినా వారి సామ్రాజ్యానికి విలువ వచ్చేది పొరుగు రాజ్యం దాన్ని నిజంగా కూల్చగలిగినప్పుడే. అందుకే తయారీదారులు కొత్త నియమాన్ని ఖాయం చేసే ముందు కంప్యూటర్ పక్షం దాన్ని వాడి మనిషిని ఓడించగలదో లేదో చూసుకోవాలి. కంప్యూటర్ అలా వాడుకోలేని నియమాన్ని, అది ఎంత అందమైనదైనా, పక్కన పెట్టడమే ఆటగాడికి చేసే మేలు.