ఇరుసు పగులు, వెన్నుపూస పగులు

బిలాస్‌పూర్‌ను పెంచింది రైలే. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచి 2003లో ఆగ్నేయ మధ్య రైల్వే ప్రధాన కేంద్రం అయ్యేవరకు ఆ ఊరి చరిత్ర పట్టాల వెంటే నడిచింది. అక్కడి రైల్వే కాలనీల్లోని తెలుగు కుటుంబాలకు ఇరుసు పగులు అంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. ఎముక పగులును అర్థం చేసుకోవడానికి కూడా ఆ ఇరుసే మంచి ఉదాహరణ.

1842 మే 8న వెర్సాయ్ నుంచి పారిస్ వెళుతున్న రైలు ఇంజను ఇరుసు విరిగి ఎందరో చనిపోయారు. బలమైన ఇనుము ఎందుకు విరిగింది? ప్రష్యా రైల్వే ఇంజనీరు వోలర్ ఏళ్ల తరబడి ప్రయోగాలు చేసి జవాబు చెప్పాడు. ఒక్కసారి వేస్తే ఏమీ చేయని బరువే లక్షలసార్లు పడితే లోహంలో పగులు పుడుతుంది. చిత్రమేమంటే, అదే ప్రష్యాలో 1855లో బ్రైథాప్ట్ అనే సైనిక వైద్యుడు కవాతు చేసే సిపాయిల పాదాల వాపును వర్ణించాడు. అది ఎముక పగులని తెలియడానికి ఎక్స్‌రే రావలసి వచ్చింది. అయితే ఎముక ఇనుము కాదు, ప్రాణమున్నది. తనను తాను బాగుచేసుకుంటుంది. ఆ మరమ్మతు వెనకబడినప్పుడే పగులుతుంది.

నడుము కింది భాగంలో, ఎక్కువగా ఐదవ కటి పూస వెనుకనున్న సన్నని వంతెనలో, ఈ పగులు వస్తుంది. చాలాకాలం దీనిని పుట్టుక లోపమనుకున్నారు. కాని అప్పుడే పుట్టిన శిశువుల్లో, ఎన్నడూ నడవనివారిలో అది కనబడలేదు. 1975లో విల్ట్సీ బృందం ఇది అలసట వల్ల వచ్చే పగులేనని వాదించింది. పెద్దవారిలో నూటికి సుమారు ఆరుగురికి ఇది ఉంటుంది. చాలామందికి నొప్పే ఉండదు. కాబట్టి పట్టాలు మోసిన గ్యాంగ్‌మన్ నడుము నొప్పికి ఇదే కారణమని తేల్చేయడం సరికాదు. నడుమును పదేపదే వెనక్కి విరిచి తిప్పే కుర్రాళ్ల విషయంలో మాత్రం అనుమానించాలి. ఫాస్ట్ బౌలర్ డెన్నిస్ లిల్లీ 1973లో ఈ పగులుతోనే వారాల తరబడి ప్లాస్టర్ కట్టులో ఉన్నాడు.

పూర్వం శస్త్రచికిత్స అంటే వీపు కండరాలను ఎముక నుంచి ఒలిచి, రెండు పూసలను కలిపి అతికించడమే. నొప్పి తగ్గినా అక్కడి కదలిక పోయేది. 1968లో విల్ట్సీ కండరాల మధ్య సందులోంచి వెళ్లే దారి చూపాడు. 1970లో బక్ పగులు మీదుగా మరను బిగించి, ఎముక ముక్కలు పేర్చి, ఆ పూసను మాత్రమే బాగుచేశాడు. తరువాత ఎక్స్‌రే తెర మీద చూస్తూ చిన్న కోతల ద్వారా అదే మరను పంపడం సాధ్యమైంది. కండరానికి దెబ్బ తక్కువ. అయితే ఎముక కంటికి కనబడదు కాబట్టి ఎక్స్‌రే వాడకం పెరుగుతుంది. పూస బాగా జారినా, పక్కనున్న డిస్క్ పాడైనా ఈ పద్ధతి పనికిరాదు. కోత చిన్నదని చికిత్స చిన్నదనుకోకూడదు. మర పట్టి ఉంచుతుందంతే, అతుక్కోవలసింది ఎముకే.

తొలిదశలో కనుగొంటే చాలామంది పిల్లలకు ఆపరేషన్ అవసరమే రాదు. కొన్ని నెలలు ఆట ఆపి, వ్యాయామం చేస్తే సరిపోతుంది. రైల్వే మైదానంలో బంతి విసిరే అబ్బాయికి వారాలు గడిచినా నడుము నొప్పి తగ్గకపోతే, మామూలు ఎక్స్‌రే బాగుందని వదిలేయకండి. పగులు గీత పడకముందే ఎముకలోని వాపును ఎమ్.ఆర్.ఐ. చూపగలదు.