జవాబుకు ఒక రూపం: ఆంగ్ల భాషా పరీక్షలు – తెలుగు ప్రశ్నపత్రం

సందర్భసహిత వ్యాఖ్య రాసే ఇంటర్మీడియట్ విద్యార్థి ముందుగా ఆ వాక్యం ఏ కావ్యంలోనిదో, కవి ఎవరో చెబుతాడు. తరువాత సందర్భం, ఆపై అర్థం, చివర వివరణ. ఈ క్రమాన్ని మన ప్రాచీన వ్యాఖ్యాన సంప్రదాయానికి సహజమైన కొనసాగింపుగా భావించడం పరిపాటి. వ్యాఖ్యానానికి సంప్రదాయం చెప్పిన లక్షణాలు ఐదు: పదచ్ఛేదం, పదార్థకథనం, విగ్రహం, వాక్యయోజన, ఆక్షేపసమాధానం. ఈ ఐదింటిలో కవి పరిచయం లేదు, సందర్భనిర్దేశం లేదు. నేటి జవాబులో ఆక్షేపసమాధానం లేదు. ఈ వ్యత్యాసం ఎక్కడిదో తెలుసుకోవడానికి పంతొమ్మిదో శతాబ్దపు ఆంగ్ల భాషా పరీక్షల చరిత్రను పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

ఆంగ్ల విద్య పొందినవారికి ప్రభుత్వోద్యోగాలలో ప్రాధాన్యమిస్తామని 1844లో గవర్నర్ జనరల్ హార్డింజ్ ప్రకటించాడు. 1854 నాటి వుడ్ విద్యాపత్రం విశ్వవిద్యాలయాల స్థాపనను ప్రతిపాదించింది. అదే ఏడాది సివిల్ సర్వీసు పోటీపరీక్షలకు మెకాలే కమిటీ మార్కులు నిర్ణయించింది. ఆంగ్ల భాషాసాహిత్యచరిత్రలకు 1500, గ్రీకుకు 750, సంస్కృతానికి 375. ఏ భాష విలువ ఎంతో అంకెల్లో తేల్చిన పత్రమిది. 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయాలు లండన్ విశ్వవిద్యాలయం నమూనాలో ఏర్పడ్డాయి. అవి తొలినాళ్లలో పాఠం చెప్పే సంస్థలు కావు, పరీక్ష నిర్వహించి పట్టాలిచ్చే సంస్థలు.

ఈ చివరి అంశం మన చర్చకు కీలకం. మచిలీపట్నం నోబుల్ విద్యాలయంలో చదివినవాడికీ, విజయనగరం మహారాజా కళాశాలలో చదివినవాడికీ ప్రశ్నపత్రం ఒక్కటే. దిద్దేవాడు విద్యార్థిని ఎన్నడూ చూడలేదు. వాక్యార్థసభలో పండితుణ్ణి పరీక్షించే పద్ధతి దీనికి పూర్తిగా విరుద్ధం. అక్కడ సమాధానం ఎదుటివాడి ఆక్షేపాన్ని బట్టి మలుపు తిరుగుతుంది. చెప్పింది చాలకపోతే మళ్లీ అడుగుతారు. కాగితం మీది జవాబును తిరిగి ప్రశ్నించే వీలు లేదు. కాబట్టి అడగబోయే ప్రశ్నలన్నిటికీ ముందే సమాధానమిచ్చేట్టు దానిని అమర్చాలి. కవి ఎవరు, సందర్భమేది అన్న శీర్షికలకు అవసరం ఇక్కడ ఏర్పడింది. ఆక్షేపసమాధానం తప్పుకోవడానికి కూడా కారణం ఇదేనని నా అభిప్రాయం. ఆక్షేపించేవాడే ఎదుట లేనప్పుడు సమాధానం ఎవరికి?

నాటి ఆంగ్ల ప్రశ్నపత్రాలలో ప్రధానంగా కనిపించేవి పార్సింగ్, వాక్యవిశ్లేషణ, పారాఫ్రేజు, పాఠ్యభాగాల సందర్భవివరణ, వ్యాసరచన. వాక్యవిశ్లేషణను విద్యాలయాలలో ప్రచారం చేసిన గ్రంథాలలో పాఠశాలల తనిఖీ అధికారి జె.డి. మోరెల్ 1852లో ప్రకటించిన పుస్తకం ముఖ్యమైనది. వీటన్నిటిలో తెలుగు విద్యార్థికి అతి పరిచితంగా తోచి, అతిగా చిక్కు పెట్టగలిగినది పారాఫ్రేజు. పద్యాన్ని గద్యంలో చెప్పడం మనకు కొత్త కాదు. అయితే మన పద్ధతిలో అది మూడు మెట్ల పని. అన్వయంలో కవి వాడిన పదాలే ఉంటాయి, వరుస మాత్రమే మారుతుంది. ప్రతిపదార్థంలో ఒక్కొక్క పదానికి అర్థం చెబుతారు. తాత్పర్యంలో సారాంశం మాత్రమే మిగులుతుంది. కవి మాట ఏది, వ్యాఖ్యాత మాట ఏది అన్నది ఏ మెట్టు మీదా చెరగదు. పారాఫ్రేజు ఈ మూడింటినీ ఒకే ఊపులో చేయమంటుంది. కవి పదాలు మిగలకూడదు, భావం ఏదీ జారకూడదు, కొత్తది చేరకూడదు, వచ్చింది చదవదగిన వచనం కావాలి. మూలం పక్కన నిలబడి దానిని వివరించే అలవాటున్నవాడిని మూలం స్థానంలోకి వెళ్లి కూర్చోమనడం ఇది. ఒక అన్యభాషలో, గంటలు లెక్కపెట్టుకుంటూ ఈ పని చేయవలసిన విద్యార్థి అచ్చయిన వివరణల్ని కంఠస్థం చేయడంలో ఆశ్చర్యం లేదు. ఈ ‘కీ’లూ నోట్సులూ వల్లెవేసే అలవాటును 1902 నాటి విశ్వవిద్యాలయాల కమిషన్ తీవ్రంగా గర్హించింది. దాని సిఫార్సుల ఆధారంగా 1904 చట్టం వచ్చింది. బట్టీ మాత్రం చట్టానికి లొంగలేదు.

వ్యాసరచన సంగతి వేరు. అబర్డీన్ ఆచార్యుడు అలెగ్జాండర్ బెయిన్ 1866లో ఆంగ్ల రచనాశాస్త్రంపై ప్రకటించిన గ్రంథంలో పేరాకు కొన్ని నియమాలు చెప్పాడు. పేరా మొదటి వాక్యం విషయాన్ని సూచించాలి, పేరాలో ఏకత్వం ఉండాలి, ప్రధానమేదో అప్రధానమేదో తేటపడాలి అన్నవి వాటిలో కొన్ని. బెయిన్ లండన్ విశ్వవిద్యాలయంలో తర్క, మనస్తత్వ శాస్త్రాలకు పరీక్షకుడు కూడా. మద్రాసుకు నమూనా అయిన విశ్వవిద్యాలయంలో జవాబులు దిద్దిన వ్యక్తే పేరాకు శాస్త్రం చెప్పాడన్నది గమనార్హం. భారతదేశంలో విద్యాధికారులుగా పనిచేసిన నెస్‌ఫీల్డ్ 1898లోనూ, రెన్ 1930లలో మార్టిన్‌తో కలిసీ ప్రకటించిన వ్యాకరణాలు రచనాభ్యాసాన్ని ఇక్కడి తరగతి గదిలో స్థిరపరిచాయి.

మీమాంసాధికరణంలో విషయం, సంశయం, పూర్వపక్షం, సిద్ధాంతం, సంగతి అనే వరుస ఉంది. అక్కడ సిద్ధాంతం పూర్వపక్షాన్ని దాటి రావాలి. ప్రత్యర్థి వాదాన్ని అతనికంటే బలంగా చెప్పగలగడం పాండిత్యానికి గుర్తు. పరీక్షావ్యాసంలో చెప్పదలచింది ముందే చెప్పాలి, ప్రతివాదానికి దొరికే చోటు ఒక పేరా. తెలుగులో ఈ ప్రక్రియకు పేరు కుదరడానికే కాలం పట్టింది. సామినేని ముద్దునరసింహం ‘హితసూచని’ (1862)లో ప్రమేయమన్నాడు, వీరేశలింగం ఉపన్యాసమన్నాడు, చివరకు వ్యాసం నిలిచింది.

ఈ రూపం తెలుగు ప్రశ్నపత్రంలోకి వచ్చిన ఘట్టాన్ని మనం వేరొక పేరుతో చదువుకుంటున్నాం. 1911–1914 మధ్య సాగిన గ్రాంథిక వ్యావహారిక వివాదానికి తక్షణ కారణం పరీక్షలలో దేశభాషా రచన. విద్యార్థి ఏ భాషలో రాస్తే మార్కులివ్వాలన్నది అసలు ప్రశ్న. 1911లో ఆంధ్ర సాహిత్య పరిషత్తు ఏర్పడింది. 1913లో గిడుగు ఆధునిక తెలుగుపై తన విజ్ఞాపనపత్రాన్ని ఆంగ్లంలో ప్రకటించాడు. 1914లో గురజాడ విశ్వవిద్యాలయానికి అసమ్మతిపత్రం సమర్పించాడు. ఉభయపక్షాల ప్రముఖులూ ఆంగ్ల పరీక్షల్లో ఉత్తీర్ణులైనవారే. పోరు క్రియారూపాల మీదా సంధి మీదా కేంద్రీకృతమైంది. ఉపోద్ఘాతం, విషయవివరణ, ఉపసంహారం అనే చట్రం వివాదవస్తువు కాలేదు. భాష విషయంలో అంత పట్టుదల చూపినవారు అది ఒదిగే అచ్చును ప్రశ్నించవలసిన అవసరం చూడలేదు. మన సాహిత్యచరిత్రకారులు కూడా ఆ వైపు తగినంత దృష్టి పెట్టలేదు.

అదే 1913లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం విదేశీయుల ఆంగ్ల ప్రావీణ్యానికి ఒక పరీక్ష ప్రారంభించింది. మొత్తం 12 గంటల పరీక్ష. హాజరైనవారు ముగ్గురు, ఉత్తీర్ణులు ఎవరూ లేరు. రెండు గంటల వ్యాసానికి ఇచ్చిన అంశాలలో భారతదేశపు సిపాయీల తిరుగుబాటు ఒకటి.

రూపాన్ని ఎంత బిగించినా దిద్దుబాటులో ఏకత్వం రాలేదు. పరీక్షకుల మార్కుల్లోని తేడాలను ఎడ్జ్‌వర్త్ 1888లోనే గణాంకశాస్త్ర పద్ధతిలో చర్చించాడు. కలకత్తా విశ్వవిద్యాలయ కమిషన్ సభ్యుడిగా, ఢాకా విశ్వవిద్యాలయ తొలి ఉపాధ్యక్షుడిగా ఇక్కడి పరీక్షలను దగ్గరగా చూసిన ఫిలిప్ హార్టాగ్, రోడ్స్‌తో కలిసి 1935లో ఒక పరిశోధన వెలువరించాడు. అందులో 15 చరిత్ర జవాబుపత్రాలను 14 మంది పరీక్షకులు ఏడాదికి పైగా వ్యవధితో రెండుసార్లు దిద్దారు. 210 నిర్ణయాలలో 92 రెండోసారి మారిపోయాయి. అవే పత్రాలు, అవే చేతులు.

మార్కును అంశాలుగా విడగొట్టడం ఈ సమస్యకు ఎదురైన జవాబు. 1989లో మొదలైన ఐఈఎల్‌టీఎస్ రచనాపరీక్షలో నేడు ప్రశ్నకు స్పందన, పొందిక, పదసంపద, వ్యాకరణం అనే నాలుగింటికీ సమానమైన విలువ. అంటే అమరికకే నాలుగో వంతు. విదేశీ చదువులకు వెళ్లే తెలుగు విద్యార్థులు హైదరాబాదు శిక్షణాకేంద్రాలలో 250 పదాల వ్యాసానికి సిద్ధవాక్యాలు నేర్చుకుంటున్నారు. కంఠస్థం చేసిన జవాబుకు మార్కులు తగ్గించాలని ఆ పరీక్ష నియమం.