ఇల్లు మాదే, పత్రం మాది కాదు: కోలార్ బంగారు గనుల ఊళ్లో విన్న మాటలు

పోయిన ఎండాకాలం మా చిన్నాయన కొడుకు కోవిల్‌పట్టికి వచ్చి, "అన్నా, ఊళ్లో మన పాతింటిలో నా భాగం అమ్మేస్తా, నువ్వు సంతకం పెట్టు" అన్నాడు. వాడు బెంగళూరులో పని చేస్తుండాడు. ఆడ ఇల్లు కొనే తాహతు లేదు. అక్కడికి సుమారు వంద కిలోమీటర్ల దూరంలో కోలార్ బంగారు గనుల ఊరు, అదే కె.జి.ఎఫ్., ఉండాది కదా, ఆడ తక్కువకు ఇల్లు దొరుకుతుందని ఒక బ్రోకరు చెప్పినాడంట. పొద్దున్నే రైలెక్కి పనికి పోయి రాత్రికి తిరిగి రావచ్చని వీడి లెక్క. ఆ ఊళ్లో చానామంది అట్లే బతుకుతుండారు. సంతకం పెట్టే ముందు ఇల్లు చూద్దాం పద అని నేనూ వాడితో పోతిని.

మన కథ మీకు కొత్త కాదు. విజయనగరం, మదురై నాయకుల కాలంలో మన పెద్దలు దక్షిణానికి దిగి, విరుదునగరం, సాత్తూరు, కోవిల్‌పట్టి చుట్టూ నల్లరేగడిలో ఊళ్లు కట్టుకున్నారు. ఇడైసేవల్ కి. రాజనారాయణన్ గారు 1976లో రాసిన 'గోపల్ల గ్రామం' ఈ వలస మీద రాసిందే. అది అరవంలో రాసినా ఆయన ఇంటి మాట మన తెలుగే. వదిలి వచ్చిన ఇల్లు ఎక్కడో మనకు తెలియదు, ఇంటిపేరు మాత్రం పోగొట్టుకోలేదు. చుట్టూ ఉండే అరవవాళ్లు పేరు ముందు తండ్రి పేరు మొదటక్షరం పెట్టుకుంటారు. మనమూ బడిలో అట్లే పెట్టుకుంటిమి. పెండ్లి సంబంధం వచ్చిందంటే మాత్రం మొదట అడిగేది "ఇంటిపేరు ఏంది?" అనే. అంటే ఇల్లు లేని ఇంటిపేరు మనది. కె.జి.ఎఫ్.లో దీనికి తిరగబడ్డ కథ చూసినాను.

1870లలో లావెల్ అనే మాజీ సైనికుడు ఆ ప్రాంతంలో గని తవ్వేందుకు మైసూరు సర్కారు దగ్గర అనుమతి తీసుకున్నాడు. 1880లో లండన్ కంపెనీ జాన్ టేలర్ అండ్ సన్స్ వచ్చినాక పని ఊపందుకుంది. 1902లో శివసముద్రం నుంచి కరెంటు వచ్చింది. పాలారు మీది బేతమంగళం చెరువు నుంచి నీళ్లు వచ్చినాయి. చాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు పోయింది. 1956లో గనులు మైసూరు రాష్ట్రం చేతికి, 1962లో కేంద్రం చేతికి వచ్చినాయి. 1972లో భారత్ గోల్డ్ మైన్స్ లిమిటెడ్ అయింది. 2001 ఫిబ్రవరి 28న మూతపడింది. నూట ఇరవై ఏండ్లలో సుమారు 800 టన్నుల బంగారం తీసినారు.

లోపలికి దిగినవాళ్లలో ఎక్కువమంది ఉత్తర ఆర్కాడు జిల్లా నుంచి వచ్చిన పేద అరవ కూలీలు. కానీ మన పేజీ చదివేవాళ్లు ఒక సంగతి గుర్తు పెట్టుకోవాలి. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా చిత్తూరు పక్కలు కూడా ఉత్తర ఆర్కాడులోనే ఉండె. కాబట్టి పాత కాగితంలో "ఉత్తర ఆర్కాడు" అని ఉంటే ఆ మనిషిది అరవమా తెలుగా అని ఆ ముక్క ఒక్కటే చూసి చెప్పలేము. పైగా చుట్టూ ఉండే కోలారు పల్లెల్లో తెలుగు ఇంటి మాట. కుప్పం దగ్గరి బిసనత్తం గని కూడా ఒకప్పుడు ఈ కంపెనీదే. అందుకే ఆ ఊరి సంతలో అరవం, తెలుగు, కన్నడం ఒకే నోట్లో కలిసి వస్తాయి.

బ్రోకరు చూపించింది గని పక్కన ఒక లైన్ ఇల్లు. వరసగా ఒకదానికొకటి అతుక్కున్న చిన్నచిన్న గదులు. మొదట్లో కూలీలకు వెదురు తట్టీల గుడిసెలే ఉండేవంట, తర్వాత గోడలు లేచినాయి. పక్క వాకిట్లో ఒక అవ్వ కూర్చోనుండె. మేము మాట్లాడేది విని పలకరించింది.

"ఏ ఊరు నాయనా మీది? మీ తెలుగు వేరేగుందే."

"కోవిల్‌పట్టి అవ్వా. తిరునల్వేలి పక్కన."

"అంత దూరంలోనూ తెలుగోళ్లుండారా!"

వాళ్లది కుప్పం పక్క. మామ గనిలో దిగేవాడు, మొగుడు కూడా దిగేవాడు. ఆ ఇంట్లో మూడు తరాలు బతికినారు. ఈ ఇల్లు అమ్ముతారా అని మా వాడు అడిగినాడు. ఆ అవ్వ నవ్వి, "ఇల్లు మాదే, పత్రం మాది కాదు. కంపెనీ ఇల్లు నాయనా ఇది. పుట్టింది, సచ్చింది అన్నీ ఈడనే. పేరు మాత్రం రాలేదు" అనింది.

మా వాడి మొగం వాడిపోయింది. బ్రోకరు "అన్నీ క్లియర్" అంటూ చూపించిన కాగితం ఎప్పుడో కంపెనీ ఇచ్చిన అలాట్‌మెంటు చీటీ. ఇంట్లో ఉండమని ఇచ్చిందే గాని, అమ్ముకోమని ఇచ్చింది కాదు. గని మూసినాక ఆ ఇండ్ల పత్రాల కోసం పాత కార్మికులు ఏండ్ల తరబడి పోరాడినారు. కొనేవాళ్లు ఈ తేడా తెలుసుకోవాలి. కంపెనీ లైన్లు వేరు, ఊరు వేరు. మైసూరు రెసిడెంటు రాబర్ట్‌సన్ పేరు మీద గీతలు గీసి కట్టిన రాబర్ట్‌సన్‌పేటలోనూ, ఆండర్సన్‌పేటలోనూ సొంత ఇండ్లు ఉండాయి. వాటికి మునిసిపాలిటీ ఖాతా, రిజిస్టరైన క్రయపత్రం అడిగి చూడాలి.

ఈ తిరుగుళ్లలో నేను రాసుకున్న మాటలు కొన్ని చెప్తాను.

మనం పెద్ద మొత్తం ఒకేసారి ఇచ్చి, బాడుగ లేకుండా ఉండి, పోయేటప్పుడు ఆ డబ్బు వెనక్కి తీసుకునేదాన్ని "ఒత్తి" అంటాం. అరవం నుంచి వచ్చిన మాట. ఆడ "బోగ్యం" అంటారు. పాత తెలుగు దస్తావేజుల్లో ఉండే "భోగ్యం" ఇదే, అనుభవించే హక్కు అని అర్థం. మా ఇంట్లో నెల డబ్బును "వాడగ" అంటాము. అవ్వ "బాడిగ" అనింది. ఆంధ్రా సినిమాల "అద్దె" మా ఇద్దరి నోట్లోనూ లేదు.

మన పక్క "సొరంగం" అంటే గని, అరవం అర్థం. తెలుగులో అది కొండలో తొలిచిన దారి. అవ్వకు రెండూ వద్దు, "మైన్సు" చాలు. "ఇంటి మీద విల్లంగం ఏమీ లేదు కదా" అని నేను అడిగితే ఆమెకు వెంటనే అర్థమయింది. అప్పో తగాదావో లేకపోవడం. అరవనాట్లో రోజూ వినే ఈ మాట తెలుగు దస్తావేజుల్లోనూ ఉండాది. మనం దాన్ని అరవ మాట అనుకొని సిగ్గుపడాల్సిన పని లేదు.

ఇంకొకటి. అరవంలో "వీడు" అంటే ఇల్లు. పాత తెలుగులో "వీడు" అంటే పట్టణం. ఇప్పటి మన నోట్లో అయితే ఎదురుగా ఉండే మగమనిషి. చిన్నప్పుడు బడిలో "వీడు" అని రాసిందాన్ని ఇంటికొచ్చి చదివితే మా నాయనమ్మ "ఎవుడురా వాడు?" అని అడుగుతా ఉండె.

ఆ ఊళ్లో బతుకు గురించి కూడా చెప్పాలి. ఎండ మన కోవిల్‌పట్టంత ఉండదు. గాలి లేస్తే సైనైడ్ దిబ్బల దుమ్ము ఇంట్లోకి వస్తుందని అందరూ చెప్పినారు. రాయి పిక్కటిల్లి నేల అదిరే "రాక్ బరస్ట్" గురించి కూడా అవ్వ చెప్పింది, అలమరలో గిన్నెలు గలగలమంటాయంట. నాకు మన నల్లరేగడి గుర్తొచ్చింది. వానకు ఉబ్బి, ఎండకు నెర్రెలిచ్చి, ఏడాదికొక గోడను చీల్చే మన్ను అది. ఏ ఊళ్లో అయినా ఇల్లు కట్టేవాడు కింద నేల గురించి అడిగే కట్టాలి.

చివరికి మా వాడు కొనలేదు. రాబర్ట్‌సన్‌పేటలో ఖాతా సరిగ్గా ఉండే ఒక ఇల్లు మూడేండ్లకు బోగ్యానికి తీసుకున్నాడు, తన కూడబెట్టిన డబ్బుతోనే. నా సంతకం అవసరం పడలేదు.

తిరిగొచ్చినాక మా పాతింటి పెట్టె తెరిచి పట్టా చూసినాను. అది ఇంకా మా జేజబ్బ పేరునే ఉండాది. ఆయన పోయి ఎన్నేండ్లయిందో! మేము ఎవరమూ పేరు మార్పించుకోలేదు. అంటే నా భాగం, వాడి భాగం అని కొట్లాడుకున్న ఇంటికి కూడా "ఇల్లు మాదే, పత్రం మాది కాదు" అనే మాటే సరిపోతుంది. వచ్చే నెల వాడు సెలవు పెట్టి వస్తానన్నాడు, ఇద్దరమూ తాలూకా ఆఫీసుకు పోతాము.

మీ ఇంట్లో పాత పత్రాలు ఉంటే ఒకసారి తీసి చదవండి. అందులో ఇల్లు, వాకిలి, హద్దుల మాటలు ఎట్ల రాసినారో నాకు చెప్పండి. మన తెలుగు ఎట్లుండెనో ఆ కాగితాల్లో కొంత దొరుకుతుంది. దాంతోపాటు పట్టా ఎవరి పేరున ఉందో కూడా చూసుకోండి.