కందుకూరి వారి కాగితాలు

1874 అక్టోబరులో 'వివేకవర్ధని' మొదలైనప్పుడు కందుకూరి వీరేశలింగం పంతులుగారు ధవళేశ్వరం బడిలో ప్రధానోపాధ్యాయుడు. పత్రికైతే పెట్టారు గాని సొంత అచ్చుకూటం లేదు. రాత గోదావరి ఒడ్డున, అచ్చు చెన్నపట్నంలో, కొక్కొండ వెంకటరత్నం పంతులుగారి అచ్చుకూటంలో. గోదావరి మీద రైలు వంతెన పడింది 1900లో. అంతకు పాతికేళ్ల ముందు ఒక్కో సంచిక కోసం కాగితాలు అంత దూరం పోయి రావాల్సిందే. కొద్దికాలానికే మిత్రుల తోడ్పాటుతో రాజమండ్రిలోనే అచ్చుకూటం వెలిసింది.

ఆ కొక్కొండ వారితోనే తర్వాత స్త్రీవిద్య మీద కలంపోరు సాగింది. ఆయనది 'ఆంధ్రభాషాసంజీవని', దానికి అనుబంధం 'హాస్యవర్ధని'. ఈయనది 'వివేకవర్ధని', అనుబంధం 'హాస్యసంజీవని'. ఒకరి పత్రిక పేరు మరొకరి అనుబంధంలోకి ఎక్కిందంటే వాదం ఎంత వాడిగా నడిచిందో ఊహించుకోవచ్చు.

కచేరీల్లో లంచాలను ఎండగట్టిందీ 'వివేకవర్ధని' పత్రికే. 'రాజశేఖర చరిత్రము' మొదట వెలువడిందీ ఇందులోనే.

మరి ఆయన సొంత కాగితాల మాటేమిటి? వాటిలో చాలావాటికి 'స్వీయచరిత్రము' రెండు భాగాలే పెట్టె. 1881 డిసెంబరు 11న గోగులపాటి శ్రీరాములు, గౌరమ్మల వితంతు వివాహం జరిపించిన నాటి ఒత్తిళ్లు, కాకినాడ పైడా రామకృష్ణయ్యగారి ధనసాయం, నీళ్లు తెచ్చే మనిషి కూడా దొరకనప్పుడు రాజ్యలక్ష్మమ్మగారు గోదావరి నుంచి బిందెలు మోసిన సంగతి అన్నీ తెలుస్తాయి. జ్ఞాపకం మీదనే ఆధారపడకుండా ఉత్తరాలనూ పత్రిక రాతలనూ దగ్గర పెట్టుకుని రాసిన పుస్తకమది. విలేకరి అలవాటు అక్కడ కనిపిస్తుంది.

పంతులుగారు పుట్టిన ఇల్లు రాజమండ్రిలో నిలిచే ఉంది. 1890లో ఆయన కట్టించిన టౌన్‌హాలూ ఉంది. గోడలు కాపాడుకున్నాం, సంతోషమే. కాగితానికి గోడకున్నంత ఆయుష్షు లేదు. ఆయన శిష్యుల కుటుంబాలు, పునర్వివాహ దంపతుల వంశీకులు, పాత చందాదారుల వారసులు గోదావరి జిల్లాల్లో ఎందరో ఉండే ఉంటారు. అటక మీద పాత ఉత్తరమో, చిరిగిన పత్రిక సంచికో దొరికితే చిత్తుకాగితాల వాడికి వేయకండి. ముందు రాజమండ్రి గౌతమీ గ్రంథాలయంలో చూపించండి.