ఫిలడెల్ఫియా అగ్నిమాపక స్వచ్ఛంద సేవకులు

1736 డిసెంబరు 7న అమెరికాలోని ఫిలడెల్ఫియా పట్టణములో బెంజమిన్ ఫ్రాంక్లిన్ తన స్నేహితులతో కలిసి యూనియన్ ఫైర్ కంపెనీని స్థాపించెను. సభ్యులు సుమారు 30 మంది, జీతము లేదు. నీటికి తోలు బక్కెట్లు, కాలుచున్న ఇంటినుండి సామాను తెచ్చుటకు గుడ్డసంచులు ఎవరి ఖర్చుతో వారే సిద్ధపరచుకొనిరి. నెలకొకసారి సాయంకాలము కూడి, నిప్పు ఆర్పు పద్ధతులు చర్చించుకొనిరి. కూటమునకు రానివారు చెల్లించిన చిన్న జరిమానాలతో చేతిపంపు యంత్రములు, నిచ్చెనలు, కొక్కెములు కొనిరి.

ఇందులో గమనింపదగిన సంగతి ఒకటి కలదు. మరికొందరు చేరగోరినప్పుడు తమ దళమునే పెద్దది చేసికొనక, వేరొక దళము ఏర్పరచుకొనుడని వారిని ప్రోత్సహించిరి. అట్లు దళములు పెరిగి పట్టణమునకు కాపుదల కలిగెను. 1871లో జీతముగల నగర అగ్నిమాపక శాఖ పని ప్రారంభించువరకు ఈ భారము స్వచ్ఛంద సేవకులే మోసిరి. తమ దళము పెరుగుటకంటె పొరుగువాని ఇల్లు నిలుచుటే ముఖ్యమని ఎంచుట ఇందులో మనము నేర్చుకొనదగిన సంగతి.