చెడుట, చెరుచుట

ఆంగ్లభాషలో 'డిఫ్లవర్' అను పాత క్రియ యొకటి గలదు. కన్యక కన్యాత్వమును పోగొట్టుట అని దాని అర్థము. ఇట్టి మాట భక్తి పత్రికలో ఏల అని కొందరడుగవచ్చును. 1611వ సంవత్సరపు ఆంగ్ల బైబిలులో, అపోక్రిఫ భాగమైన సీరాకు గ్రంథము 20వ అధ్యాయమున అది యున్నది. బైబిలు తర్జుమా చేసినవారు వ్రాయ వెనుదీయని మాటను గూర్చి సంఘకాపరి ఆలోచించుట తప్పు కాదు.

ఈ క్రియ లాటినులో పుట్టి, ఫ్రెంచి ద్వారమున 14వ శతాబ్దములో ఇంగ్లాండు చేరినది. లాటినులో 'ఫ్లోస్' అనగా పువ్వు. దాని ముందు 'డే' అను ఉపసర్గ చేరగా పువ్వును తీసివేయుట అని అర్థమగును. వింత యేమనగా, గ్రంథములలోని శ్రేష్ఠమైన వాక్యములను ఏరి వ్రాసుకొనుటకును ఆ కాలపు పండితులు ఇదే మాట వాడిరి. పుస్తకము విషయమున అది మెప్పు, పిల్ల విషయమున నాశనము.

మన తెలుగువారును పువ్వునే తలంచిరి గాని వేరు విధముగా తలంచిరి. పిల్ల 'పుష్పవతి' యగును. పూయునది ఆమెయే, ఆ పువ్వు ఆమెదే. ఆంగ్ల క్రియలోనైతే పువ్వు కోసినవాడు తన దారిని పోవును, చూచువారి కన్నులన్నియు బోసియైన కొమ్మమీదనే నిలుచును. ఇది నాకు ఎన్నడును నచ్చలేదు.

ఆ పనికి మన క్రియ 'చెరుచు'. 'చెడు' అనునది తనంతట జరుగునది, 'చెరుచు' అనునది ఒకడు చేయునది. 'చెరపకురా చెడేవు' అను సామెతలో రెండును ఇమిడియున్నవి. అందులో చెడువాడు చెరిపినవాడే! మన పెద్దల వ్యాకరణము ఎంత న్యాయమైనదో చూడుడు. అయితే వీధిలో మనమేమందుము? "ఆ పిల్ల చెడిపోయింది" అందుము. అంతటితో కర్త మాయమగును. పేకాటలో, సారాయిలో చెడిన కుర్రవాడు ఇల్లు చేరినప్పుడు తప్పిపోయిన కుమారుని కథ చదివి విందు చేయుదుము. ఆ విందులో ఈ పిల్లకు విస్తరి వేయము.

అమీర్‌పేట నుండి యూసుఫ్‌గూడకు వచ్చు దారిలో 'స్టేట్ హోం' అను బస్సు స్టాపు గలదు. దిక్కులేని స్త్రీల కొరకైన ప్రభుత్వ గృహమును బట్టి ఆ పేరు వచ్చినది. అట్టి గృహములలోని పిల్లలను గూర్చి లోకము ఏ క్రియ వాడునో మీరెరుగుదురు. కృష్ణానగర్‌లో అద్దెగదులలో నుండి సినిమాలలో చిన్న వేషములు వేయు ఆడపిల్లలను గూర్చియు అదే.

ఇది వట్టి మాటల గొడవ కాదు. 1978లో మన హైదరాబాదులోనే, నల్లకుంట పోలీసు స్టేషనులో ఒక స్త్రీ చెరుపబడెను. ఆమె భర్త దెబ్బలకు చనిపోయెను. నగరమంతయు అట్టుడికినది. విచారణలో ఆమె నడవడి మంచిది కాదని చూపుటకే ఎదుటి పక్షమువారు ప్రయాసపడిరి. విచారణ సంఘము పోలీసులను దోషులుగా తేల్చినను, 1981లో రాయచూరు న్యాయస్థానము వారిని విడిచిపెట్టెను. సాక్ష్యమిచ్చు స్త్రీని దుర్నడత గలదని చూపి ఆమె మాటను కొట్టివేయుటకు 1872 నాటి సాక్ష్య చట్టమే చోటిచ్చెను. ఆ నిబంధన 2002 సంవత్సరాంతమున గాని తొలగింపబడలేదు. నూట ముప్పది యేండ్లు!

ఆదికాండము 34వ అధ్యాయమున దీనాకు జరిగిన దానికి హెబ్రీలో రెండు క్రియలు గలవు. ఒకటి అపవిత్రపరచుట, దానికే మన తెలుగు బైబిలు 'చెరుపు' అని వాడినది. మరొకటి అణగద్రొక్కుట, బాధించుట. ఐగుప్తులో ఇశ్రాయేలీయులకు ఫరో చేసిన దానిని నిర్గమకాండము మొదటి అధ్యాయము ఈ రెండవ క్రియతోనే చెప్పును. వెట్టిచాకిరి చేసిన ఇశ్రాయేలును ఎవరును చెడిపోయిన జనమనలేదు గదా. దేవుడు వారి మొర విని దిగివచ్చెను, దండన ఫరోకు తగిలెను.

పౌలు కొరింథీయులకు వ్రాసిన రెండవ పత్రిక 11వ అధ్యాయమును తెరచి చూడుడు. హవ్వను సర్పము మోసగించిన సంగతి చెప్పుచు, సంఘస్థుల మనస్సులు ఎక్కడ చెరుపబడునో అని అతడు భయపడుచున్నాడు. తెలుగులో ఇక్కడను ఆ 'చెరుపు' అను క్రియయే. క్రీస్తునకు ప్రధానము చేయబడిన కన్యక అని అతడు పిలిచినది ఏ ఒక్క పిల్లను కాదు, సంఘమంతటిని. కొరింథులోని గడ్డము నెరసిన పెద్దలును ఆ కన్యకలోనివారే.