మోచేతి వెల

కడప జిల్లా చక్రాయపేట, వేంపల్లె చుట్టుపక్కల పల్లెల్లో కుర్రాళ్లు క్రికెట్ ఆడుతుంటే కాసేపు నిలబడి చూడండి. పది నిమిషాల్లో ఒక తగాదా ఖాయం. ‘త్రో వేసినావు’ అని ఒకడు, ‘యాడ వేసినా’ అని ఇంకొకడు. చెయ్యి వంచి విసిరితే క్రికెట్‌లో నోబాల్. అంతర్జాతీయ ఆటలోనూ మోచేతికి 15 డిగ్రీలకు మించి సడలింపు లేదు. అదే కుర్రాడు చింతకాయల కోసం రాయి విసిరినప్పుడు మోచెయ్యి ఎంత వంగినా అడిగేవాడుండడు. ఆ రాయి విసిరే చేతి మీదే కోట్ల డాలర్లు తిరిగే ఆట బేస్‌బాల్. బంతి విసిరేవాణ్ని అక్కడ పిచర్ అంటారు.

ఆ ఆటలో మన పేరు పెట్టుకున్న పిచర్ ఒకడున్నాడు, కుమార్ రాకర్. తల్లి లలిత భారతీయ సంతతి అమెరికన్. ఆమె తల్లిదండ్రులు ఆంధ్రప్రదేశ్ నుంచి వలస వెళ్లినవారు. తండ్రి ట్రేసీ రాకర్ నల్లజాతి అమెరికన్, అమెరికన్ ఫుట్‌బాల్‌లో పేరుమోసిన ఆటగాడు. ఆబర్న్ విశ్వవిద్యాలయం తరఫున ఆడుతూ 1988లో ఔట్‌ల్యాండ్, లొంబార్డీ అవార్డులు రెండూ ఒకే ఏడాది గెలిచాడు. 1999 నవంబరు 22న పుట్టిన కుమార్‌కు తండ్రి పొడవూ పుష్టీ వచ్చాయి. ఆట మాత్రం వేరేది ఎంచుకున్నాడు.

పిచర్ పని చెప్పుకోవడానికి సులువు. పది అంగుళాల ఎత్తున్న మట్టి దిబ్బ మీద నిలబడి, అరవై అడుగుల ఆరంగుళాల దూరంలోని బ్యాటర్ వైపు బంతి విసరాలి. మన పిచ్ కన్నా ఐదారడుగులు తక్కువ. బంతి నేలను తాకదు కాబట్టి పిచ్‌ను తిట్టుకునే వీలు లేదు. మలుపంతా గాల్లోనే, 108 కుట్లున్న ఎర్రదారపు బంతిని వేళ్లు తిప్పిన తీరులోనే పుట్టాలి. కుమార్ ఆయుధం స్లైడర్. వేగంగా నేరుగా వస్తున్నట్టే ఉండి, బ్యాట్ ఊపే సమయానికి పక్కకు జారి కిందికి దిగిపోతుంది.

2019 జూన్ 8న ఆ స్లైడర్ ఏం చేసిందో అమెరికా కాలేజీ బేస్‌బాల్ ఇప్పటికీ చెప్పుకుంటుంది. నాష్‌విల్‌లోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో కుమార్ అప్పుడు మొదటి ఏడాది విద్యార్థి. కాలేజీ ప్రపంచ సిరీస్‌కు ముందు జరిగే సూపర్ రీజనల్ పోరులో డ్యూక్ జట్టుతో మొదటి మ్యాచ్ చిత్తుగా ఓడిపోయారు. రెండోదీ పోతే ఇంటికే. మ్యాచ్‌లోని చిన్న చిన్న ఇన్నింగ్స్ అన్నీ కలిపి ప్రత్యర్థి బ్యాటర్లను 27 సార్లు ఔట్ చేయాలి. అందులో 19 సార్లు కుమార్ ఒక్కడే, బంతిని కొట్టనివ్వకుండా ‘స్ట్రైకౌట్’ చేశాడు. ఒక్కరికీ హిట్ ఇవ్వలేదు. సూపర్ రీజనల్స్ చరిత్రలో అలాంటి ‘నో హిటర్’ అదే మొదటిది. అతని వయసూ పంతొమ్మిదే! అదే నెలలో వాండర్‌బిల్ట్ కాలేజీ ప్రపంచ సిరీస్ గెలిచింది. అత్యుత్తమ ఆటగాడు కుమారే.

ఇక్కడి నుంచి కథ మైదానం వదిలి స్కానింగ్ గదికి చేరుతుంది.

కొత్త కుర్రాళ్లను జట్లు వరసగా ఎంచుకునే 2021 జులై డ్రాఫ్ట్‌లో న్యూయార్క్ మెట్స్ జట్టు పదో ఎంపికగా అతణ్ని తీసుకుంది. 60 లక్షల డాలర్ల బోనస్‌కు మాట కుదిరింది. సంతకానికి ముందు వైద్య పరీక్షలు చేయించారు. చేతి మీద అనుమానం వచ్చింది, మెట్స్ వెనక్కి తగ్గింది. చెయ్యి బాగానే ఉందని ఏజెంట్ స్కాట్ బోరాస్ వాదించాడు గానీ గడువు దాటిపోయింది. పీటల మీది పెళ్లి ఆగిపోయినట్టయింది. ఆ సెప్టెంబరులో భుజానికి చిన్న ఆపరేషన్ జరిగిన సంగతి తర్వాత బయటికొచ్చింది.

కాలేజీకి తిరిగి వెళ్లకుండా, పెద్ద లీగ్ (మేజర్ లీగ్) జట్లకు అనుబంధం కాని ఫ్రాంటియర్ లీగ్‌లో ట్రై-సిటీ వ్యాలీక్యాట్స్‌కు ఆడాడు కుమార్. 20 ఇన్నింగ్స్, 32 స్ట్రైకౌట్లు. 2022 డ్రాఫ్ట్‌లో టెక్సాస్ రేంజర్స్ ఏకంగా మూడో ఎంపికగా తీసుకుని 52 లక్షల డాలర్లిచ్చింది. ఏడు మెట్లు పైకెక్కాడు, ధర ఎనిమిది లక్షలు తగ్గింది. బజారు లెక్కలు అలాగే ఉంటాయి.

2023 మేలో మోచేతికి ‘టామీ జాన్’ ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. టామీ జాన్ డాక్టర్ కాదు, రోగి. 1974లో మోచేతి లోపలి స్నాయువు తెగిన డాడ్జర్స్ పిచర్. డాక్టర్ ఫ్రాంక్ జోబ్ అతని కుడి ముంజేతి నుంచి ఒక నరం లాంటి కండరబంధం తీసి ఎడమ మోచేతిలో అల్లాడు. అతను మళ్లీ ఆడతాడని నమ్మినవాళ్లు తక్కువ. టామీ జాన్ 1989 దాకా ఆడాడు. మొత్తం 288 విజయాల్లో 164 ఆపరేషన్ తర్వాతవే. అప్పట్నుంచి వేగంగా విసిరే ప్రతి కుర్రాడి జాతకంలోనూ ఈ ఆపరేషన్ ఒక దశలా మారిపోయింది. అందుకే పిచర్లను లెక్కపెట్టి వాడతారు. వందకు అటూఇటూ బంతులు, తర్వాత నాలుగైదు రోజుల విశ్రాంతి. కడప జిల్లా నుంచి ప్రపంచ కప్ దాకా వెళ్లిన క్రికెటర్ శ్రీచరణి పది ఓవర్లేసినా అరవై బంతులే, అదీ చెయ్యి తిన్నగా పెట్టి వేసే స్పిన్.

ఈ తేడాను భారతదేశంలో పరీక్షించినవాళ్లూ ఉన్నారు. 2008లో ఒక టీవీ పోటీ పెట్టి, మన దేశంలో పిచర్లను వెతికారు. క్రికెట్ దేశం కదా, ఫాస్ట్ బౌలర్లు దొరుకుతారనుకున్నారు. తీరా పిట్స్‌బర్గ్ పైరేట్స్‌తో ఒప్పందం దక్కించుకున్న ఉత్తరప్రదేశ్ కుర్రాళ్లు రింకూ సింగ్, దినేశ్ పటేల్ ఇద్దరూ ఈటె విసిరేవాళ్లు! వాళ్ల కథే 2014లో ‘మిలియన్ డాలర్ ఆర్మ్’ సినిమా అయింది. పెద్ద లీగ్ మెట్టు మాత్రం ఇద్దరూ ఎక్కలేకపోయారు.

కుమార్ ఎక్కాడు. 2024 సెప్టెంబరు 12న సియాటిల్‌లో తొలి మ్యాచ్. నాలుగు ఇన్నింగ్స్‌లో ఏడు స్ట్రైకౌట్లు చేసి ఒక్క పరుగే ఇచ్చాడు. మరుసటి ఏప్రిల్‌లో ఏంజెల్స్ మీద ఏడు ఇన్నింగ్స్ విసిరి పెద్ద లీగ్‌లో తొలి విజయం అందుకున్నాడు. వాండర్‌బిల్ట్‌లో తోటి పిచర్‌గా ఉన్న జాక్ లైటర్ అప్పుడు రేంజర్స్‌లోనూ పక్కనే ఉన్నాడు. ఆ 2025 సీజన్ నిలకడగా సాగలేదు. పరుగులు ధారాళంగా ఇవ్వడంతో ఆగస్టులో కింది స్థాయి జట్టు రౌండ్ రాక్‌కు పంపారు. అక్కడికి వెళ్లేసరికి అతనికి ఇంకా ఇరవై ఆరు నిండలేదు.